హరికథల క్యాసెట్ల కోసం మదర్‌బోర్డును పరీక్షించుకున్న నాలుగు రోజులు

మా నాన్నగారు ఉత్తరాంధ్ర పల్లెల్లో తిరిగి రికార్డు చేసుకున్న హరికథల క్యాసెట్లు 140 దాకా విశాఖపట్నం మహారాణిపేటలోని మా ఇంటి అటక మీద ఉన్నాయి. సముద్రపు తేమకు కొన్నింటికి బూజు పట్టడం మొదలైంది గనుక, ఈ వేసవిలో వాటన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలని నిశ్చయించుకుని, ద్వారకానగర్‌లో విడిభాగాలు కొని, కొత్త డెస్క్‌టాప్ ఒకటి కట్టించాను. అయితే మొదటి క్యాసెట్ పెట్టే ముందు దాని మదర్‌బోర్డును (విడిభాగాలన్నీ బిగించే ప్రధాన పలకను) నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది.

ధ్వనిని 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, రెండు చానెళ్ల నాణ్యతతో నమోదు చేస్తే సెకనుకు 5,76,000 బైట్లు, అంటే తొంభై నిమిషాల క్యాసెట్‌కు సుమారు 3.1 జీబీ, మొత్తానికి 435 జీబీ దాకా అవుతుంది. రికార్డు చేసేటప్పుడు సెకనుకు ఒక ఎంబీ కూడా అవసరం లేదు కాబట్టి ఏ పాత హార్డ్‌డిస్కయినా సరిపోతుంది. వేగం అవసరమయ్యేది ఆ 435 జీబీకి నకళ్లు తీసేటప్పుడే.

మొదటి రోజే నా పాత సాటా (కేబుల్‌తో తగిలించే పాత తరహా) హార్డ్‌డిస్కు కంప్యూటర్‌కు కనబడలేదు. పైగా సెకనుకు 3,500 ఎంబీ వేగం ఉండవలసిన ఎన్‌వీఎంఈ డిస్కు (బోర్డు మీదే బిగించే వేగవంతమైన చిప్పుల డిస్కు), వేగాన్ని కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రాంలో 1,740 దగ్గరే ఆగిపోయింది. బోర్డు పాడైందనుకుని తిరిగి ఇచ్చేయబోయాను గానీ, మాన్యువల్ తిరగేస్తే రెండింటికీ కారణం ఒకటేనని తెలిసింది. షాపు కుర్రాడు ఎన్‌వీఎంఈ డిస్కును, అలాంటివి బిగించే ఎం.2 స్లాట్లు రెండింటిలో కింది దాంట్లో బిగించాడు. ఆ స్లాట్ ప్రాసెసర్‌కు నేరుగా కాక చిప్‌సెట్ అనే మధ్యవర్తి చిప్పు ద్వారా, మూడో తరం పీసీఐఈ లేన్లు (డేటా నడిచే దారులు) రెండింటితోనే నడుస్తుంది. ఒక్కో లేను సెకనుకు సుమారు 985 ఎంబీకి మించి మోయలేదు. పైగా ఆ స్లాట్ వాడితే ఈ బోర్డులో 5, 6 సాటా పోర్టులు పనిచేయవు. నా హార్డ్‌డిస్కు తగిలించి ఉన్నది సరిగ్గా ఆరో పోర్టుకే. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే పై స్లాట్‌లోకి మార్చగానే వేగం 3,420కి చేరింది, హార్డ్‌డిస్కూ కనబడింది. చిన్న చిన్న 4 కిలోబైట్ల ముక్కలను చదివే, రాసే వేగం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే, కాబట్టి పైకి చూస్తే కంప్యూటర్‌లో ఏ తేడా తెలియలేదు.

అయితే గ్రాఫిక్స్ కార్డు పక్కనే ఉండడం వల్ల, ఏసీ లేని గదిలో, పెద్ద ఫోల్డర్లను కాపీ చేస్తుంటే డిస్కు 81 డిగ్రీలకు వేడెక్కి నెమ్మదించింది. డిస్కు వేడిని లాగేసే లోహపు పలక, హీట్‌సింక్ విప్పి చూస్తే, దాని కింది ప్యాడ్‌కు అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను ఎవరూ ఒలవలేదు! ఒలిచాక 64 డిగ్రీలు దాటలేదు. ఆ తరువాత కూడా సుమారు 90 జీబీ దాటేసరికి వేగం మూడో వంతుకు పడిపోయేది. అది బోర్డు లోపం కాదు. డిస్కు తన తాత్కాలిక వేగపు భాగం నిండిపోయాక నేరుగా అసలు గడుల్లో రాసుకునేటప్పుడు అలాగే జరుగుతుంది. నకళ్లను విడతలుగా తీయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఆడియో సంగతి ఇంతకన్నా చిక్కు. వెనుక ఉన్న ఆకుపచ్చ జాక్ నుంచి నీలం జాక్‌కు చిన్న కేబుల్ కలిపి రైట్‌మార్క్ ఆడియో ఎనలైజర్ అనే ప్రోగ్రాంతో కొలిస్తే, నేపథ్య శబ్దం మైనస్ 88 డెసిబెల్స్ వచ్చింది (సున్నాకు ఎంత దూరమైతే అంత నిశ్శబ్దం). పెట్టె మీద అచ్చేసిన 120 డెసిబెల్స్ చిప్పు ఒక్కదాని లెక్క, బోర్డు మొత్తానిది కాదు. మామూలు క్యాసెట్‌లో పాటకూ సరసర శబ్దానికీ మధ్య తేడాయే 50, 60 డెసిబెల్స్‌కు మించి ఉండదు కనుక నాకు 88 చాలు. డిస్కు పరీక్షను నడిపిస్తూ మళ్లీ కొలిచినప్పుడు వెనుక జాక్ కదలలేదు గానీ, ముందు జాక్ మైనస్ 71కి దిగజారి, హెడ్‌ఫోన్‌లో సన్నని కీచుమన్న శబ్దం వినిపించింది. ముందు జాక్‌కు వెళ్లే తీగ గ్రాఫిక్స్ కార్డును ఆనుకుని పోతోంది. ఆ జాక్‌ను ఇక వాడకూడదనుకున్నాను.

ఇంతా చేసి, యాంప్లిఫయర్ మీదుగా క్యాసెట్ డెక్‌ను కలిపితే గుయ్‌మనే మోత. గ్రాఫులో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర మొనలు లేచాయి. కేబుల్ రెండు కొసలూ ఒకే కంప్యూటర్లో ఉన్నప్పుడు ఈ మోత లేదంటే, తప్పు బోర్డుది కాదని అర్థం. యాంప్లిఫయర్ పక్క గదిలోని ప్లగ్గుకు, కంప్యూటర్ ఈ గదిలోని ప్లగ్గుకు ఉండడంతో రెండు ఎర్త్‌ల మధ్య తేడా కేబుల్ గుండా ప్రవహిస్తోంది.

“ఎర్త్ పిన్ను తీసేయండి సార్, మోత పోతుంది” అన్నాడు ఎలక్ట్రీషియన్. మోత పోతుంది నిజమే, షాక్ కొడితే మనిషీ పోతాడు. నేను ఒప్పుకోలేదు. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చాను. మొనలు దాదాపు అణిగిపోయాయి.

నాలుగో రోజు రాత్రి మొదటి క్యాసెట్ ఎక్కించాను. హార్మోనియం శ్రుతి మొదలయ్యేలోగా వినిపించిన సరసర శబ్దం మాత్రం టేపుదే.