తొంభై నిమిషాల క్యాసెట్టు

భోగికి అటక దులిపేటప్పుడు పాత క్యాసెట్ల అట్టపెట్టె బయటపడితే దాన్ని చెత్తబండికి ఎత్తొద్దని మన బ్యాచ్ వాళ్ళందరికీ మనవి. ట్రంకు రోడ్డులో కొని పాటలు ఎక్కించుకున్నవి గానీ, మద్రాసు బర్మా బజారు నుంచి ఎవరో తెచ్చిపెట్టినవి గానీ, ఇంగ్లీషు రాక్ పాటలున్నవి పక్కన పెట్టండి. "ఫోన్లో అన్నీ ఉండాయి గదా, ఆ డొక్కు క్యాసెట్లు ఎందుకబ్బా" అని ఇంట్లోనే ఎవరో అంటారు. అననివ్వండి.

మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట పింక్ ఫ్లాయిడ్ మీదికో, ఈగల్స్ మీదికో, ఆ రాక్ బృందాల మీదికే మళ్ళుతుంది. ఎవరో ఫోన్లో పాట పెడతారు. ఆ పాట అయిపోగానే మరొకరు తర్వాతి పాట కూనిరాగం మొదలెడతారు. ఆల్బమ్‌లో ఆ వరుసే ఉండదు! అది మన క్యాసెట్టులోని వరుస. పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ మధ్య విన్న పాటలే మనిషికి ఎక్కువ జ్ఞాపకాలను లేపుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పే మాటే. ఆ వయసులో మనం పాటల్ని విడివిడిగా వినలేదు, క్యాసెట్టు ఒక్కో వైపుకు పట్టే 45 నిమిషాల ముక్కలుగా విన్నాం.

ఆ 45 నిమిషాల లెక్క చూడండి. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' నిడివి 43 నిమిషాలు. 1976 డిసెంబరులో వచ్చిన ఈగల్స్ 'హోటల్ కాలిఫోర్నియా' ఆల్బమూ అంతే. తొంభై క్యాసెట్టుకు ఎ వైపు ఒకటి, బి వైపు ఇంకొకటి అతికినట్టు సరిపోయేవి. అందుకే ఆ జంట ఉన్న క్యాసెట్టు విన్నవాడికి గుండె చప్పుడుతో ఫ్లాయిడ్ ముగిశాక చెవి గిటారు కోసం ఎదురుచూస్తుంది. మిగిలిన రెండు నిమిషాల్లో రికార్డింగ్ సెంటరాయన తనకు తోచిన పాట ముక్క ఒకటి పెట్టేవాడు. ఫ్లాయిడ్ వాళ్ళదే 'ది వాల్' 81 నిమిషాలు, రెండు ఎల్పీలు (పెద్ద గ్రామఫోను రికార్డులు). ఒక్కోటి ఒక్కో వైపు పట్టేది. డైర్ స్ట్రెయిట్స్ బృందం 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' దగ్గరే చిక్కు. 1985లో వచ్చిన ఆ ఆల్బమ్ సీడీలో 55 నిమిషాలు, ఎల్పీలో కుదించి 47. ఆల్బమ్ పేరున్న పాటే చిట్టచివరిది. ఎల్పీ నుంచి ఒక వైపు ఎక్కిస్తే ఆ పాట మధ్యలో టక్కున తెగేది. ఆ తెగడం కూడా కొందరికి పాటలో భాగమే.

అందుకని మన బ్యాచ్ సమావేశం నాటికి ఈ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిద్దాం. తొందరపడి ప్లే మాత్రం నొక్కకండి.

ముందు క్యాసెట్టు కిటికీలోంచి రీలు చుట్టను చూడండి. అంచుల మీద తెల్లటి పొడి కనబడితే అది బూజు. మనవైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా, ఆ చెమ్మకు అటక మీది పెట్టెల్లో పట్టేస్తుంది. ఆ క్యాసెట్టు వేస్తే బూజు హెడ్డుకు (టేపు మీది పాటను చదివే భాగానికి) అంటి, తర్వాత వేసిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. సిలికా జెల్ పొట్లాలతో మూతబిగువు డబ్బాలో వారం రోజులు పెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని, టేపును మెత్తటి పొడిగుడ్డ మధ్య నుంచి పోనిస్తూ చేత్తో మెల్లగా చుట్టాలి. నటరాజ్ పెన్సిల్ ఆరు పలకలూ క్యాసెట్టు చక్రంలోని ఆరు పళ్ళకు సరిగ్గా పడతాయి, మీకు చెప్పాలా!

తర్వాత కింది అంచున, రాగిరంగు స్ప్రింగు రేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో చూడండి. టేపును హెడ్డుకు ఆనించి పెట్టేది అదే. జిగురు ఎండి అది రాలిపోతే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది, పైగా శబ్దం పెరిగి తగ్గుతూ ఉంటుంది. చాలామంది టేపు పాడైపోయిందనుకుని పారేసేది ఇక్కడే. పనికిరాని మరో క్యాసెట్టు నుంచి రేకుతో సహా ఊడదీసి పెడితే సరి. ఫెవిక్విక్‌తో పాత ఫెల్టునే అంటించబోతే అది జిగురు పీల్చుకుని రాయిలా గట్టిపడి టేపును గీరుతుంది. అయిదు స్క్రూలున్న క్యాసెట్టయితే విప్పడం తేలిక. స్క్రూల్లేకుండా అతికేసినదైతే అతుకు వెంట బ్లేడుతో చీల్చి, రీళ్ళను స్క్రూల డబ్బాలోకి మార్చాలి.

తెగిన టేపును సెల్లోటేపుతో అతికించకండి. దాని జిగురు ఊరి పక్క చుట్టలకు పట్టుకుంటుంది. క్యాసెట్టు టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, దానికి తగిన అతుకు టేపు వేరే దొరుకుతుంది. చివర్లు తిన్నగా కోసి, ఎదురెదురుగా ఆనించి, హెడ్డుకు తగలని వీపు వైపున మాత్రమే అంటించాలి. ఈ పనిని చిన్నచూపు చూడొద్దు. 'డార్క్ సైడ్'లోని 'మనీ' పాట మొదట్లో నాణేలు, గల్లాపెట్టె చప్పుళ్ళు ఏడు దెబ్బల తాళంలో తిరుగుతాయే, అవి టేపు ముక్కల్ని స్కేలుతో కొలిచి కోసి, వలయంలా అతికించి చేసినవే.

క్యాసెట్టు పై అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రేకులు రెండూ విరిచేయండి. టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేపురికార్డరు కలిసినదాంట్లో) పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు.

ఇక యంత్రం. ఏళ్ళ తరబడి మూలపడిన టేపురికార్డరులో బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదా తారులా కరిగి పుల్లీలకు అంటుకుని ఉంటుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఆ తారంతా తుడిచాకే కొత్త బెల్టు వేయాలి. అదే ఆల్కహాల్‌తో హెడ్డునీ, టేపును లాగే సన్నటి ఇరుసునీ మట్టిరంగు అంటడం మానే దాకా తుడవాలి. గోళ్ళరంగు తుడిచే ద్రావకం వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. టేపును నమిలేసే జబ్బుకు కారణం ఎక్కువసార్లు క్యాసెట్టు కాదు. చుట్టుకోవాల్సిన చక్రం బలహీనపడి ఆగిపోతుంది, ఇరుసు మాత్రం టేపును వదులుతూనే ఉంటుంది, ఆ వదులు టేపు రబ్బరు రోలరుకు చుట్టుకుంటుంది. కాబట్టి మొదట పనికిరాని క్యాసెట్టు ఒకటి పూర్తిగా తిప్పి చూసుకోండి. 120 నిమిషాల క్యాసెట్లయితే మరీ జాగ్రత్త: వాటి టేపు మందం 9 మైక్రాన్లే, అరవై క్యాసెట్టుదాంట్లో దాదాపు సగం.

అన్నీ సరిగా ఉన్నా డ్రమ్ముల పక్కన మోగే తాళాల చప్పుడు, గిటారు తీగల మెరుపు వినిపించడం లేదా? హెడ్డు వాలు తేడా. పాటలు ఎక్కించిన డెక్కు (టేపురికార్డరు) హెడ్డు ఒక వాలులో, మీది ఇంకో వాలులో ఉంటుంది. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ కనబడుతుంది. పాట నడుస్తుండగా దాన్ని కొద్దికొద్దిగా, పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. 'స' 'ష' శబ్దాలు ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. క్యాసెట్టు మారితే మళ్ళీ చూసుకోవాల్సిందే.

వేగం పరీక్షకు 'హోటల్ కాలిఫోర్నియా' పాటే చాలు. దాని నిడివి 6 నిమిషాల 30 సెకన్లు. మీ దగ్గర 6 నిమిషాల 14 సెకన్లకే అయిపోతే నాలుగు శాతం వేగం ఎక్కువ. సుమారు ఆరు శాతానికి అర స్వరం పెరుగుతుంది. గిటారు పట్టుకుని పాటతో పాటు వాయించబోతే శ్రుతి కలవనిది ఇందుకే, తప్పు వాయించేవాడిది కాదు. చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రంలో వేగం సరిచేసే స్క్రూ ఉంటుంది. అయితే ఒక్క క్యాసెట్టు చూసి దాన్ని కదపొద్దు, ఎక్కించిన డెక్కే తప్పు వేగంతో నడిచి ఉండొచ్చు. వేర్వేరు చోట్ల ఎక్కించిన మూడింట్లో ఒకే తేడా వస్తే అప్పుడు మోటారును అనుమానించండి. డాల్బీ (టేపు బుసను తగ్గించే ఏర్పాటు) మీట ఉంటే, డాల్బీతో ఎక్కించిన క్యాసెట్టుకు తప్ప వేయకండి, మామూలుదానికి వేస్తే మెరుపంతా పోతుంది.

కంప్యూటర్లోకి ఎక్కించడం చిన్న పనే. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక్క రంధ్రం సాధారణంగా మైకుది, అందులో కుడి ఎడమలు కలిసిపోతాయి. లైన్-ఇన్ (టేపురికార్డరు తీగ పెట్టే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ పెట్టె వాడండి. టూ-ఇన్-వన్ అయితే హెడ్‌ఫోను రంధ్రం నుంచి, వాల్యూము మూడో వంతులో పెట్టి తీసుకోవచ్చు. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో, శబ్దం గరిష్ఠంగా మైనస్ ఆరు డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. 16 బిట్‌లో పెడితే తొంభై క్యాసెట్టు మొత్తం వేవ్ ఫైలుగా 950 మెగాబైట్ల దాకా వస్తుంది. 'గుయ్' మని కరెంటు మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి.

ఒక్కటే ఖచ్చితంగా అడుగుతున్నాం: ఫైలును పాటలుగా ముక్కలు చేయకండి, టేపు బుసను తీసేయకండి, మధ్య ఖాళీలు కత్తిరించకండి. పాట గట్టిగా మొదలయ్యే ముందు ఖాళీలో అదే పాట సన్నగా వినబడితే దాన్నీ ఉంచండి. చుట్టల్లో పక్క పొర అయస్కాంతం ఈ పొరకు అంటినందువల్ల వచ్చే నీడ అది. క్యాసెట్టు అట్ట మీది చేతిరాతనూ, తప్పుల స్పెల్లింగులతో సహా, ఫోటో తీసి పంపండి. సమావేశం రోజు పాట చివరి పది సెకన్లు వినిపించి ఆపేద్దాం, తర్వాతి పాట ఎవరందుకుంటారో చూద్దాం.

బి వైపు ఆఖరి పాట అయ్యాక రికార్డింగు ఆపేయకండి, మీట దానంతటది టక్కుమని లేచేదాకా నడవనివ్వండి. టూ-ఇన్-వన్‌కు లోపలే మైకు ఉండేది కదా. మిగిలిన టేపులో ఎవరెవరి గొంతులు ఉన్నాయో, ఏం మాట్లాడారో వినాలి.