ఎందుకో నచ్చలేదు

మంగళవారం, రాత్రి

ఇవాళంతా ఇంటర్వ్యూలే. మధ్యాహ్నం వచ్చిన అబ్బాయి అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. అతను బయటికి వెళ్లగానే నా పక్కన కూర్చున్న సీనియర్ పెన్ను కింద పెట్టి, "వద్దండీ, ఎందుకో నచ్చలేదు" అన్నారు. ఏం నచ్చలేదండీ అని అడిగాను. "చెప్పలేను. ఇంట్యూషన్ అంతే. ఇన్నేళ్ల అనుభవం కదా!" అన్నారు. ఆ మాట వచ్చాక ఇంక మాట్లాడటానికి ఏముంటుంది? ఫైలు పక్కన పెట్టి తర్వాతి పేరు పిలిచాం.

ఆయనతో గట్టిగా వాదించలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. బుద్ధికి అందని తెలివి ఒకటుందని నమ్మేవాళ్లలో నేనూ ఒకదాన్ని. రోజూ పొద్దున్నే కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది అందుకే. (ఇవాళ కూర్చున్నంతసేపూ ఇంటర్వ్యూ ప్రశ్నలే తిరిగాయనుకోండి.) మరి ఆయన చెప్పేదీ నేను వెతికేదీ ఒకటేనా?

సాయంత్రం చెల్లి ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. అది ఈమధ్య ఒక ధ్యానం క్లాసుకి వెళ్తోంది. "అక్కా, నువ్వు మరీ బుర్రతో ఆలోచిస్తావు. బుద్ధిని చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలి రమ్మంటారు మా దగ్గర" అంది. ఆ మాట ఈ దారిలో నడిచేవాళ్ల నోట తరచూ వింటూనే ఉంటాను. దానికి తోడు కఠోపనిషత్తులోని "నాయమాత్మా ప్రవచనేన లభ్యో న మేధయా" కూడా చదువుతారు. ఆత్మ ఉపన్యాసాలకీ మేధకీ దొరకదని. నిజమే. కానీ అదే ఉపనిషత్తు తర్వాతి వల్లిలో, అంటే తర్వాతి భాగంలో, శరీరం రథమని చెప్పి, దానికి సారథిగా కూర్చోబెట్టింది బుద్ధినే. ఇంకాస్త ముందుకెళ్తే, దాగి ఉన్న ఆత్మ సూక్ష్మమైన, పదునైన బుద్ధికే కనబడుతుందనీ ఉంది. ఆ శ్లోకాలు ఎవరూ వాట్సాప్‌లో పంపరెందుకో.

భోజనమయ్యాక, స్వాతంత్ర్యోద్యమం నుంచి యోగంలోకి వెళ్లిన శ్రీ అరవిందుల పుస్తకాలు తీశాను. 1908 జనవరిలో బరోడాలో ఆయన విష్ణు భాస్కర్ లేలే అనే యోగి దగ్గర ధ్యానానికి కూర్చున్నారు. ఆలోచనలు నీలో పుట్టడం లేదు, బయటినుంచి వస్తున్నాయి, కనిపెట్టి లోపలికి రాకముందే తోసెయ్యమని లేలే చెప్పారట. మూడు రోజుల్లో మనసు పూర్తిగా నిశ్శబ్దమైపోయిందని అరవిందులే రాశారు. ఆ వెంటనే బొంబాయిలో సభ. మాట్లాడటానికి తలలో ఒక్క ఆలోచన కూడా లేదు. సభకు నమస్కారం పెట్టి ఆగు, మాట అదే వస్తుందన్నారు లేలే. అలాగే వచ్చింది. అప్పట్నుంచి తన ప్రసంగాలూ రాతలూ మెదడుకి పైనున్న చోటునుంచే వచ్చాయని ఆయన చెప్పుకున్నారు.

చెప్పేవాళ్లు ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకేమో ఆ తర్వాతిదే ముఖ్యం. 1914 ఆగస్టు నుంచి 1921 జనవరి దాకా 'ఆర్య' పత్రికలో ఆయన నెలనెలా రాసినవి చూస్తే, బుద్ధిని గుమ్మం బయట వదిలేసిన మనిషి రాతల్లా ఉండవు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బలంగా చెప్పి, అందులో నిజమెంతో ఒప్పుకుని, అప్పుడు దాని హద్దు చూపిస్తారు. నాలాంటివాళ్లు పెన్సిల్ పట్టుకుంటే తప్ప చదవలేని వాక్యాలు. మనసు నిశ్శబ్దమైందే గానీ మొద్దుబారలేదు.

మామూలు మనసుకి పైన అరవిందులు చెప్పిన మెట్లలో అంతర్జ్ఞానం, అంటే ఇంట్యూషన్, చివరిది కూడా కాదు, మధ్యలోది. దానికి నాలుగు శక్తులు ఉన్నాయంటారు: సత్యాన్ని చూడటం, వినడం, తాకి పట్టుకోవడం, ఒక సత్యానికి మరో సత్యంతో ఉన్న సంబంధాన్ని సరిగ్గా విడదీసి గుర్తించడం. ఆ నాలుగోదాని దగ్గరే ఆగిపోయాను. తర్కం చేసే పనంతా అంతర్జ్ఞానం చెయ్యగలదని కూడా అక్కడే రాశారు. దానితోపాటు ఒక హెచ్చరిక ఉంది. పైనుంచి మెరుపు వచ్చినా మనసు వెంటనే తన సరుకు కలిపేస్తుందట, ఒక్కోసారి అచ్చం అలాంటి నకిలీనే తయారుచేస్తుందట.

రమణ మహర్షి కూడా మనసుని ముందే పారేయమనలేదు. 'నేనెవరు?' అనే విచారణ చితిని కదిపే కర్రలాంటిదన్నారు. చివరికి అదీ కాలిపోతుంది, కానీ అప్పటిదాకా దానితో పని ఉంటుంది. జిడ్డు కృష్ణమూర్తి సంగతి వేరు. 1929లో తనకోసం పెట్టిన సంఘాన్నే రద్దుచేసి, ఏ పద్ధతీ వద్దన్నారు. అయినా ఆయనంత నిలదీసి ప్రశ్నలు అడిగినవాళ్లు ఇంకొకరు నాకు తెలియదు.

సైన్సువాళ్ల మాట కూడా ఒకటి గుర్తొచ్చింది. నిపుణుల ఇంట్యూషన్‌ని అనుమానించే డేనియల్ కానమన్, దాన్ని మెచ్చుకునే గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ఒక వ్యాసం రాశారు. రెండు షరతులు ఉంటేనే దాన్ని నమ్మొచ్చని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ రంగంలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో వెంటవెంటనే తెలిసి నేర్చుకునే వీలుండాలి. మా సీనియర్ వద్దన్న అబ్బాయిలు ఎలా పనిచేసేవారో ఆయనకి ఎప్పటికీ తెలియదు. తీసుకోలేదు కదా! ఆ ఇన్నేళ్ల అనుభవంలో సగం ఎప్పుడూ పరీక్షకి నిలబడలేదన్నమాట.

ఇది ఆధ్యాత్మికం కాదని చెల్లి కొట్టిపారేస్తుంది. నాకలా అనిపించదు. ఎందుకని అడగ్గానే చిరాకుపడేది అంతర్జ్ఞానం కాదనే నా అనుమానం. భయానికీ ఇష్టానికీ ఉండే తొందర దానికి ఉండదు. ప్రశ్న వేస్తే తట్టుకుంటుంది, కాసేపు పక్కన పెట్టినా అలిగి వెళ్లిపోదు. నాకు ఎప్పుడైనా అలాంటిది తగిలిందా అంటే, ఒకట్రెండుసార్లు తగిలిందేమో. దానిమీద ఒట్టు మాత్రం వెయ్యలేను.

పడుకునేముందు సీనియర్‌గారికి మెసేజ్ పెట్టాను. రేపటినుంచి ఒకరితో ఒకరం మాట్లాడుకోకముందే మార్కులు విడివిడిగా వేద్దామని, నచ్చలేదనిపిస్తే ఏ జవాబు దగ్గర అలా అనిపించిందో కూడా రాద్దామని. ఇప్పుడే జవాబొచ్చింది: "ఈ అబ్బాయి విషయంలో గదిలోకి రాగానే అనిపించిందండీ. అదే రాస్తాను." రాయమన్నాను. రెండో రౌండుకి పిలవడానికి మాత్రం ఒప్పుకున్నారు.