పన్ను తీయించాక అసలు పని

నాన్నకి కింది దవడ పన్ను తీయించాం. పన్ను పీకడం కాసేపట్లో అయిపోయింది. ఆ తర్వాత చూసుకోవడమే అసలు పని.

పన్ను ఊడిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకనీ నరాలనీ కాపాడేది ఆ గడ్డే. అది ఊడిపోతే డ్రై సాకెట్ అంటారు, చెవి దాకా లాగేస్తుంది నొప్పి. అందుకే మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, గట్టిగా ఉమ్మకూడదు.

నాన్నకి ఉమ్మకుండా ఉండటమే కష్టమైంది. లాలాజలంలో రెండు చుక్కల రక్తం కలిసినా నోరంతా రక్తమే అనిపిస్తుంది, పెద్దవాళ్ళకి టెన్షన్ సహజం. "మింగెయ్ నాన్నా, ఏం కాదు" అంటూ పక్కనే కూర్చున్నా. చుట్ట మాత్రం దాచేశాను. పొగ ఆ గాయాన్ని మాననివ్వదు. గుంటలో పసుపు పెట్టమని ఎవరో ప్రేమగానే చెప్పారు, నేను ఒప్పుకోలేదు.

చల్లారిన రాగి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం రెండో వైపు నుంచి తిన్నారు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర స్పూను ఉప్పు వేసి, నోట్లో మెల్లగా తిప్పి వదిలేయడం.

మీ ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పన్ను తీయకముందే డాక్టరుకి చెప్పండి, సొంతంగా ఆపేయకండి. దూది నొక్కి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూడో రోజుకి నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా వెంటనే మళ్ళీ చూపించండి.