కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్‌తో కొండెక్కిన వేళ

తిరుపతిలో మే నెల ఎండలో బానెట్ తెరిస్తే ముఖానికి సెగ కొడుతుంది. ఇంజిన్ ఆ సెగకు బదులు బయటి చల్లటి గాలిని పీల్చేలా నా కారుకు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్, అంటే వేరే గొట్టం, ఫిల్టర్ బిగించారు. గాలి 3 డిగ్రీలు చల్లబడితే సాంద్రత సుమారు 1 శాతం పెరిగి ఇంజిన్‌కు కాస్త ఎక్కువ శక్తి వస్తుంది కాబట్టి సిద్ధాంతంలో తప్పులేదు. అయితే చాలా కార్లలో కంపెనీ అమర్చిన గొట్టమే ముందు గ్రిల్ దగ్గరి బయటి గాలిని తీసుకుంటుంది, కనుక కొత్తగా కలిసివచ్చేది స్వల్పం. అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు నాకు తెలిసిన తేడా ఇంజిన్ మోత ఒక్కటే. అసలు కనీస ప్రయాణ సమయం నిర్ణయించిన ఆ దారిలో వేగంతో పనేముంది? నూనె పూసిన ఫిల్టర్ నుంచి జిడ్డు, గాలిని కొలిచే సెన్సార్‌పై చేరి ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగిన రోజునే పాత ఫిల్టర్ పెట్టెను తిరిగి పెట్టించుకున్నాను.