చూసి గీస్తే తప్పా?

బొమ్మల విషయంలో మా అమ్మాయికి ఇద్దరు గురువులు. ఇక్కడి బళ్లో టీచర్ "దేన్నీ చూసి గీయకు, నీ ఊహలోంచి రానీ" అంటుంది. వీడియో కాల్‌లో వాళ్ల తాతయ్య "ముందు ఉన్నది ఉన్నట్టు దింపమ్మా, చెయ్యి తిరిగాక సొంతంగా గీద్దువుగాని" అంటారు.

టీచర్ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే బొమ్మల మాస్టారు, పిల్లలు సొంత ఊహతోనే గీయాలంటూ వాళ్ల కోసం ఒక తరగతి తెరిచాడు. ఆ ఊళ్లోనే చదువుకుని అమెరికా చేరిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940లలో ఆ ధోరణినే బళ్లలో స్థిరపరిచాడు. పెద్దల నమూనాలు పిల్లల ఊహను చంపేస్తాయన్నది వాళ్ల భయం.

కానీ ఊహలోకి బొమ్మలు ఎక్కడినుంచి వస్తాయి? పిల్లలు చుట్టూ ఉన్న బొమ్మల నుంచే గీతలు అరువు తెచ్చుకుంటారని పరిశోధకులు బ్రెంట్, మార్జొరీ విల్సన్ దంపతులు 1977లోనే వాదించారు. 2012లో నీల్ కోన్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు వేసి, బొమ్మ గీయడం భాష లాంటిదే, తగినన్ని నమూనాలు అందకపోతే ఎదుగుదల మధ్యలో ఆగిపోతుంది అన్నాడు. మాంగా అనే బొమ్మల కథల పుస్తకాలు చదువుతూ, చూసి గీస్తూ పెరిగే జపాన్ పిల్లలు ఆయన ఉదాహరణ. పరాయి దేశంలో పిల్లలకి తెలుగు నిలబెట్టాలని తంటాలు పడేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వినని భాషని ఊహించి మాట్లాడమని మనం ఎవరినీ అడగం కదా! ఒకాడా, ఇషిబాషి అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ తమకు అలవాటు లేని శైలి బొమ్మను చూసి దింపినవాళ్లు ఆ తర్వాత సొంతంగా మరింత కొత్తగా గీశారు.

అలాగని తాతయ్య మాటా పూర్తిగా చాలదు. మా అమ్మాయిని ఎదురుగా ఉన్న కుర్చీ గీయమన్నాను. కూర్చునే పలక నిండు చతురస్రం, నాలుగు కాళ్లూ ఒకే పొడుగు. కంటికి కనిపించేదేమో సన్నటి పట్టీ, పొట్టి వెనక కాళ్లు! తనకి తెలిసిన కుర్చీని గీసింది, కనిపించే కుర్చీని కాదు. పెద్దలూ ఇంతే. మన బొమ్మలు తప్పడానికి ముఖ్య కారణం చేతి నైపుణ్యం లేకపోవడం కాదు, వస్తువును సరిగ్గా చూడకపోవడమేనని కోహెన్, బెనెట్ అనే పరిశోధకులు 1997లో తేల్చారు.

"కుర్చీ వద్దు, కాళ్ల మధ్య ఖాళీలు గీయి" అన్నాను. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ కొలిచింది. ఈసారి బొమ్మలో పలక ఎత్తు సగానికి సగం పడిపోయింది. "ఇంత సన్నగానా!" అని లేచి వెళ్లి కుర్చీని తడిమి చూసొచ్చింది.

బొమ్మను తలకిందులుగా పెట్టి దింపే చిట్కా కూడా ప్రయత్నించాం. 1979లో బెట్టీ ఎడ్వర్డ్స్ పుస్తకం వచ్చినప్పటి నుంచి దానికి గొప్ప పేరు. తలకిందులు చేస్తే పేర్లు పెట్టే ఎడమ మెదడు తప్పుకుని, ఉన్నది చూసే కుడి మెదడు పని చేస్తుందని దాని వెనక చెప్పే కథ నాకెప్పుడూ మింగుడు పడలేదు. 2010లో కోహెన్, ఎర్ల్స్ పరీక్షించి, తిప్పినంత మాత్రాన బొమ్మ మెరుగుపడదన్నారు. మా అమ్మాయికి మాత్రం ఆటగా నచ్చింది, ఆడుకోనిచ్చాను.