ఒక్క ముక్కలో చెప్పమంటే నోరు పెగల్లేదు

మా వీధి కుర్రాళ్లు పండక్కి ఒక సంచిక వేస్తున్నారు. అందులోకి సిరిమాను మీద, అంటే పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మా పైడితల్లి అమ్మవారి ఉత్సవం మీద, నాలుగు పేజీలు రాయమని అడిగారు. పుట్టి పెరిగింది విజయనగరంలో, అమ్మవారి గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఆదివారం కూర్చుంటే అయిపోతుంది అనుకున్నాను. ఇరవై రెండు రోజులు పట్టింది. నిన్న రాత్రే ఇచ్చేశాను, కడుపుమంట ఇంకా చల్లారలేదు.

సమాచారం పోగెయ్యడం పెద్ద పనేం కాదు. రెండు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చున్నాను, పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేశాను. పాత శుభలేఖల్ని ముక్కలుగా కోసి వాటి వెనక రాసుకున్నాను. మొత్తం డెబ్భై ఎనిమిది చీటీలు తేలాయి. చీటీకి ఒకే విషయం రాయండి, అది ఎవరు చెప్పారో కింద రాసుకోండి. మొదటి ఇరవై చీటీల మీద నేను రాయలేదు. తర్వాత అవి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "ఇది చెప్పింది మీరేనా?" అని అడగాల్సొచ్చింది.

ఆ మీదట చేసిన తెలివితక్కువ పని, పదిహేను వందలు కట్టి ఆన్‌లైన్లో ఒక క్లాసులో చేరడం. అక్కడ మైండ్ మ్యాప్ నేర్పారు. టోనీ బుజాన్ అనే ఇంగ్లండ్ ఆయన 1970ల్లో టీవీలో చెప్పి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మధ్యలో గుండ్రం గీసి 'సిరిమాను' అని రాశాను. చుట్టూ కొమ్మలు: సిరిమాను కోసం పూజారి కలలో కనిపించే చింతచెట్టు, ఊరేగింపులో నడిచే పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, అంజలి రథం, కోట ముందు రాజకుటుంబం, అమ్మవారి కథ ముడిపడిన 1757 బొబ్బిలి యుద్ధం. అయిదు రంగుల స్కెచ్ పెన్నులతో వేసి గోడకి అంటించాను. ఇంటికొచ్చిన ప్రతివాడూ బాగుందన్నాడు. వ్యాసం మాత్రం ఒక్క వాక్యం కదల్లేదు. అన్నీ సమానమైన కొమ్మలే అయితే దేన్ని ముందు పట్టుకోవాలి? అది చెప్పకుండా డబ్బులు తీసుకున్నవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

సరే, ఎలాగోలా మొదటి పేజీ రాశాను. మా హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారికి చూపిద్దామని వెళ్లాను. ఒంటరిగా ఉంటారనుకున్నాను. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు, ట్యూషన్ పిల్లలు, వాళ్లలో ఎనిమిది చదువుతున్న మా మేనకోడలు. "పైకి చదువు, అందరం వింటాం" అన్నారు. గొంతు సవరించుకుని చదివాను. 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు. బాగానే పేలుతోందని నాలో నేను మురిసిపోతున్నాను కూడా.

సగంలో చెయ్యెత్తి ఆపారు. "బావుందిరా. ఇంతకీ నువ్వేటి చెప్దామనుకుంటున్నావు? ఒక్క ముక్కలో చెప్పు."

"సిరిమాను గొప్పదనం గురించండి."

"అది పేరు. నేనడిగింది మాట. చివర క్రియ ఉండాలి."

"సిరిమాను ఉత్సవం... చాలా గొప్పది అండి."

"కాదన్నోడెవడు? అందరూ ఒప్పుకున్నదానికి నాలుగు పేజీలెందుకు?"

నోట మాట రాలేదు. నలభై ఆరేళ్లవాణ్ని, ఆఫీసులో నా కింద ఆరుగురు పనిచేస్తారు. బ్లాక్‌బోర్డు దగ్గర నిలబెట్టినట్టు అయిపోయాను. మా మేనకోడలు "మాస్టారూ, మావయ్యకి అన్నీ చెప్పేయాలనుంది" అంది. అందరూ నవ్వారు. టీ ఇచ్చారు, తాగినట్టు గుర్తులేదు. అక్కడితో ఊరుకుంటే మాస్టారెలా అవుతారు? చీటీల కట్ట తీసుకుని "వీటిల్లో ఎవడైనా సంపాదించగలిగినవి పక్కన పెట్టు. నీ కళ్లతో చూసినవి నాకియ్యి" అన్నారు. అందరి ముందూ ఏరాను. చేతిలో మిగిలినవి ఆరు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పెద్దాయన మీద కోపం, ఆ పిల్ల మీద ఇంకా కోపం. తెల్లవారుజామున అయిదింటికి లేచి, క్లాసులో చెప్పినవాటిలో పనికొచ్చిన ఒకే ఒక్కటి చేశాను: పది నిమిషాలు పెన్ను ఎత్తకుండా రాయడం. కొట్టివేతలు ఉండకూడదు, వెనక్కి చూడకూడదు, ఏమీ తోచకపోతే 'ఏమీ తోచట్లేదు' అనే రాయాలి. ఆరేడు నిమిషాలు మాస్టారిని తిట్టుకున్నాను. ఆ తర్వాత మా నాన్న వచ్చాడు.

సిరిమానుకి ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి గుడి దగ్గర రైతులకి విత్తనాలు పంచుతారు. వాటిని ఇంట్లో విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగా పండుతుందని నమ్మకం. మాకు ఊరి బయట ఎకరంన్నర ఉండేది. ఆ గుంపులో నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని, ఒక చేత్తో నా కాళ్లు పట్టుకుని, రెండో చెయ్యి చాపేవాడు. దొరికిన గింజల్ని తువ్వాలు కొసన ముడేసుకుని ఇల్లు చేరేదాకా పిడికిట్లోనే పట్టుకునేవాడు. పొలం అమ్మేశాక కూడా రెండేళ్లు వెళ్లి తెచ్చాడు. ఎందుకని అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు.

పొద్దున్నే చీటీ మీద రాశాను: 'పొలం లేకపోయినా నాన్న విత్తనాలకి వెళ్లాడు.' క్రియ ఉంది.

అక్కణ్నుంచి నల్లేరు మీద బండి నడక. చీటీలు చాప మీద పరిచి, ఆ వాక్యానికి అక్కరకొచ్చినవే ఉంచాను. (ముందు ఫ్యాన్ ఆపండి. నేను ఆపలేదు.) పాలధార నుంచి మొదలుపెట్టి ఊరేగింపు వరసలోనే రాద్దామనిపించింది కానీ, తువ్వాలు ముడితో మొదలుపెట్టాను. బొబ్బిలి యుద్ధం ఒక్క వాక్యానికి దిగింది. తెల్ల ఏనుగు పూర్తిగా పోయింది, ప్రాణం ఉసూరుమంది.

చీటీలంటే చిన్నచూపు చూసే మా ఆఫీసు మిత్రుడికి ఒక మాట. గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, గురజాడతో కలిసి చదువుకున్నది మా విజయనగరంలో. సవర తెగ మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, ఒక్కో మాటా పోగేసి నిఘంటువు తెచ్చారు. అది అచ్చయ్యింది 1938లో. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. డెబ్భై ఎనిమిది చీటీలకే నువ్వు నన్ను చూసి నవ్వావు.

రాసింది మాస్టారికి చూపించాను. ఈసారి ఎవరూ లేని వేళ చూసుకుని మరీ వెళ్లాను. చదివి కళ్లజోడు తీసి, రెండు చోట్ల ఒత్తులు దిద్ది ఇచ్చారు. బావుందని అనలేదు. గుమ్మం దాకా వచ్చి, "మీ నాన్న పొలం ఏ ఏడు అమ్మాడ్రా?" అని అడిగారు.