చెర్రీ రొయ్యల్లో ఆడదేది, మగదేది?

అక్వేరియంలో పెంచుకునే ఈ చిన్న రొయ్యల్లో ఎర్రగా ఉంటే ఆడది, పాలిపోయి ఉంటే మగది అనే చెప్తారు ఎక్కువమంది. మా ట్యాంకులో రొయ్యల్ని గమనిస్తున్నకొద్దీ నాకు ఆ రంగు లెక్క మీద నమ్మకం తగ్గింది. మామూలు చెర్రీల్లో చాలావరకు పనిచేస్తుంది గానీ, ఏరి ఏరి పెంచిన ముదురు రకాల్లో మగవి కూడా బాగానే ఎర్రగా ఉంటాయి. పైగా కొత్త ట్యాంకులో వేసిన రోజు బెదురుకి అన్నీ వెలిసిపోయినట్టే కనిపిస్తాయి.

నేనైతే ఇప్పుడు పొట్ట కిందే చూస్తాను. పక్కనుంచి చూస్తే ఆడదానికి ఆ అంచు గుండ్రంగా కిందికి దిగి ఉంటుంది, గుడ్లు మోయడానికి చోటు కావాలి కదా. మగదానికి ఆ గీత దాదాపు తిన్నగా ఉంటుంది. ఒళ్లు సన్నగా, సైజు కూడా కాస్త చిన్నగా. తల వెనక వీపు మీద పసుపు మచ్చ కనిపిస్తే ఇక అనుమానమే లేదు, లోపల గుడ్లు తయారవుతున్నట్టే. ముదురు ఎరుపు వాటిలో ఆ మచ్చ కనిపించి చావదు, అదొక్కటే చిరాకు!

ఆడది కుబుసం విడిచాక చూడాలి తమాషా. జతకట్టడానికి దాన్ని వెతుక్కుంటూ మగవన్నీ పిచ్చెక్కినట్టు ట్యాంకంతా ఈదుతాయి. (ఆడా మగా తేడా లేకుండా అన్నీ అలాగే తిరుగుతుంటే మాత్రం నీళ్లు టెస్ట్ చేసుకోండి.) తర్వాత గుడ్లు పొట్ట కిందికి చేరతాయి. 3, 4 వారాలు కాళ్లతో విసురుతూ మోస్తుంది.

పిల్లల సంగతి మాత్రం నన్నడక్కండి. కాస్త పెరిగేదాకా అన్నీ మగవాటిలాగే సన్నగా ఉంటాయి.